ఉచితానుచితాలు

ఉచితం అన్న మాట వింటే మన ఆడవాళ్ళకి ముందు అనుమానం వస్తుంది. రెండు చీరలు కొంటే మూడోది ఉచితం అన్నాడంటే, ఆ మూడోదాని ధర మొదటి రెండింటి మీదా వేసేశాడన్నమాట అని, అంచు కూడా చూడకుండానే చెప్పగలం. సబ్బుతో పాటు వచ్చే చెంచా, టీపొడితో పాటు వచ్చే గిన్నె ఎవరి డబ్బుతో వస్తున్నాయో మనకి తెలుసు. ఇంటి జమాఖర్చులు చూసుకునే ఏ ఇల్లాలికీ ఈ లోకంలో ఊరికే వచ్చేదేదీ లేదని ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కాని ఈ మాటకి ఇంకో అర్థం ఉంది గదా. ఉచితం అంటే తగినది. 'ఉచితానుచితాలు తెలిసిన మనిషి' అంటే ఏది తగునో ఏది తగదో ఎరిగినవాడని. ఏ కొట్లో ఏది ఊరికే ఇస్తారో ఎరిగినవాడని కాదు! డబ్బివ్వక్కర్లేనిదానికీ, తగినదానికీ మనం ఒకే మాట వాడుతున్నాం. రెండర్థాలూ ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా పక్కపక్కనే తిరుగుతూంటాయి గాని, ఎప్పుడూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఒకసారి పలకరింపజేద్దామా? ఊరికే వచ్చినదాన్ని పుచ్చుకోవటం తగునా? తగితే ఎలా పుచ్చుకోవాలి?

ఈ ప్రశ్న నాకు ఏ పురాణ కాలక్షేపంలోనో కలగలేదు. మా చెల్లెలి కూతురి కంప్యూటరు ముందు కలిగింది.

ఆ పిల్ల హైదరాబాదులో బొమ్మల సినిమాలు తీసే చోట పని చేస్తోంది. బొమ్మల సినిమా అనగానే మనకి ఛోటా భీమ్ గుర్తొస్తాడు. 2008లో టీవీకెక్కిన ఆ లడ్డూల పిల్లవాడు పుట్టింది హైదరాబాదులోనే. అతని వెనకాల ఎంతమంది కుర్రకారు వీపులు నొప్పెట్టేలా కూర్చుని బొమ్మలు కదిలించారో మన పిల్లలకి అన్నం తినిపించేటప్పుడు మనకి తోచదు. సినిమాలో సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు కంటి ముందు నడుస్తాయి. ఒక్కో బొమ్మనీ ఒక ఫ్రేము అంటారు. చేత్తో గీసేవాళ్ళు చాలాసార్లు ఒక్కో బొమ్మనీ రెండేసి ఫ్రేములు నిలబెడతారు. అలా చూసినా సెకనుకి పన్నెండు బొమ్మలు. మనం కాఫీ చల్లార్చుకునే లోపల వాళ్ళ లెక్కలో వందలు దాటిపోతాయి.

ఆఫీసులో చేసే పని కాక, తనకోసం తానొక చిన్న బొమ్మల కథ తీసుకుంటోంది ఆ అమ్మాయి. ఒక ముసలావిడ పీట మీంచి లేస్తుంది. అంతే. లేవటంలో ముందు చెయ్యి మోకాలి మీద పడాలి, తరవాత నడుం వంగాలి, ఆ తరవాతే మొహం పైకెత్తాలి. నాకు చూపిస్తే బ్రహ్మాండంగా ఉందన్నాను.

"ఏం బావుంది పెద్దమ్మా! చెయ్యి మోకాలి మీద పడకముందే నడుం లేచిపోతోంది. ఎక్కడ లేచిందో పట్టుకుందామంటే ఈ ప్లేయరు ఒక్క ఫ్రేము వెనక్కి రానివ్వదు. ముందుకి వెళ్ళమంటే వెళ్తుంది, వెనక్కి రమ్మంటే ఏకంగా పది సెకన్లు వెనక్కి పోయి కూర్చుంటుంది" అని విసుక్కుంది.

పది సెకన్లంటే రెండువందల నలభై ఫ్రేములు. పక్కింటికి వెళ్ళి రమ్మంటే పక్క ఊరికి వెళ్ళినట్టు!

దాని కంప్యూటరు సెకండ్‌హాండుది. అందులో లైనక్స్ పెట్టుకుంది. మన అందరి కంప్యూటర్లలోనూ, యంత్రాన్ని నడిపే పెద్దతల ఒకటుంటుంది. దాన్ని కొన్ని కంపెనీలు డబ్బుకి అమ్ముతాయి. లైనక్స్‌కి ఆ బాధ లేదు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టి, ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు అని లోకానికి ఇచ్చేశాడు. తరవాత వేలమంది చెయ్యి వేశారు. దాని మీద వీడియోలు చూపించే సాధనాలు కూడా అలాంటివే బోలెడు. అయితే అవి చాలావరకు సినిమా చూసేవాళ్ళ కోసం చేసినవి. చూసేవాళ్ళు ముందుకే చూస్తారు. చేసేవాళ్ళు వెనక్కి చూడాలి.

వెనక్కి ఒక్క అడుగు వెయ్యటం అంత కష్టమా అని అడిగాను. కష్టమేనట. వీడియో ఫైలు ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచుకోదు. ఎక్కడో ఒక పూర్తి బొమ్మ దాచి, తరవాతవాటిల్లో ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. మనం క్యాలెండరు మీద పాల లెక్క రాసుకున్నట్టు. రోజూ లీటరు, చుట్టాలొచ్చిన రోజున రెండు, ఊరెళ్ళిన రోజున సున్న, మారిన రోజులే రాస్తాం. ఇవాళ్టికి ఎంతయిందంటే తెలుసు, రేపటిది కలుపుకోవటం తేలిక. కాని పదిహేడో తారీఖు పొద్దుటికి ఎంతయింది అని అడిగితే, మళ్ళీ ఒకటో తారీఖు నుంచి లెక్కపెట్టుకు రావాలి. ఆ ప్లేయరు పరిస్థితీ అదే. ఒక్క బొమ్మ వెనక్కి రావాలంటే, అంతకు ముందెక్కడో ఉన్న పూర్తి బొమ్మ దాకా పోయి, అక్కణ్ణించి మార్పులన్నీ కలుపుకుంటూ రావాలి. అందుకే చాలామంది ఆ గొడవ పెట్టుకోరు.

పోనీ అని బొమ్మలు గీసేవాళ్ళు ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము విడి బొమ్మగా దాచుకుంటారు. అప్పుడు వెనకాముందూ ఒకటే. కాని మామూలు హెచ్‌డీ బొమ్మ ఒకటి విప్పితే ఆరు మెగాబైట్లు. సెకనుకి ఇరవై నాలుగంటే నూట యాభై దాకా. అన్నిటినీ ముందే జ్ఞాపకంలోకి ఎక్కించుకుని తడబడకుండా చూపించే సాధనం కావాలి. పెద్ద పెద్ద స్టూడియోలు పాతికేళ్ళ కిందటే లైనక్స్‌కి మారాయి, వాటికి సొంత సాధనాలుండేవి. ఇంట్లో కూర్చుని ముసలావిణ్ణి పీట మీంచి లేపే పిల్లకి అవి అందేవా?

అందుకని వెతుకులాట మొదలైంది. దాని పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ నేనూ విన్నాను. విన్నకొద్దీ నాకు ముచ్చటేసింది. ఎందుకంటే ఈ వెతుకులాటకి వంశవృక్షం ఉంది. 2000 సంవత్సరంలో హంగరీలో ఒకాయన లైనక్స్ మీద వీడియో చూడటానికి సరైన సాధనం దొరక్క, విసుగెత్తి తానే ఒకటి రాయటం మొదలుపెట్టాడు. అది ఎంప్లేయర్. దాని కొమ్మల్లోంచి 2012 ప్రాంతాల మొలిచింది ఎంపీవీ. అందులో చుక్క మీట నొక్కితే ఒక ఫ్రేము ముందుకి, కామా మీట నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి. చుక్క దగ్గర ఆగి ముందుకి పోవటం, కామా దగ్గర కాస్త వెనక్కి చూసుకోవటం... రచయిత్రిని కదా, నాకు నచ్చేసింది. వెనక్కి రావటం నెమ్మది. పాల లెక్క చెప్పాను గదా. కాని వస్తుంది.

పారిస్‌లో ఒక ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులు తమ హాస్టలు కోసం చేసుకున్న పని వీఎల్‌సీ అయి, 2001లో అందరిదీ అయింది. దాన్ని చూసుకునే జాన్ బాతిస్త్ కెంప్ అనే ఆయన, ప్రకటనలు పెట్టుకోనిస్తే పెద్ద మొత్తాలు ముట్టజెపుతామని కంపెనీలు వచ్చినా కాదన్నానని చెప్పాడు. బొమ్మలవాళ్ళ కోసమే చేసినవీ ఉన్నాయి. డీజేవీ అని ఒకటి. దాన్ని రాసినాయనే తయారుచేసిన మరో పనిముట్టుని ఆధారం చేసుకుని వేరొకాయన కట్టింది ఎంఆర్‌వీ2. అందులో ఆడుతున్న బొమ్మ మీదే గీతలు గీసి 'ఇక్కడ చెయ్యి ముందు రావాలి' అని రాసుకోవచ్చు. ఇక పెద్ద స్టూడియోలు ఏళ్ళ తరబడి డబ్బిచ్చి వాడుకున్న ఆర్‌వీ అనే సాధనాన్ని కూడా 2023లో ఓపెన్ ఆర్‌వీ పేరుతో అందరికీ తెరిచేశారు.

మా అమ్మాయి ఎంపీవీని, ఎంఆర్‌వీ2ని పెట్టుకుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. చెయ్యి మోకాలి మీద పడటానికి ముందు మూడు ఫ్రేములు అటూ ఇటూ జరపాలని తేలింది. జరిపింది. ఇప్పుడు ఆ ముసలావిడ లేస్తూంటే నా మోకాలు నొప్పెడుతోంది.

"ఇంతమంది ఇన్నేళ్ళు కష్టపడి చేసినది నీకు ఊరికే వచ్చింది. వాళ్ళకి నువ్వేమిస్తావే?" అన్నాను.

అది నవ్వేసింది గాని, వాళ్ళ నాన్న, అంటే మా మరిది, అక్కడే పేపరు చదువుకుంటున్నాడు. ఆయన బాంకు మనిషి. "ఇందులో ఋణమేముంది వదినగారూ? వాళ్ళెవరో సరదాకి చేసి బయట పెట్టారు. మనం వాడినా వాళ్ళకి తరిగేది లేదు, వాడకపోయినా పెరిగేది లేదు. అడక్కుండా ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడు బాకీ పడ్డట్టు ఏ చట్టంలోనూ లేదు" అన్నాడు.

కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. చలివేంద్రంలో నేను గ్లాసెడు మంచినీళ్ళు తాగితే కుండలో ఆ మేరకి తగ్గుతుంది. సాఫ్ట్‌వేరు అలా తగ్గదు. లక్షమంది తీసుకున్నా మొదటి ప్రతి చెక్కుచెదరదు. ఇది చలివేంద్రం కాదు, పెరుగు తోడు. పక్కింటావిడ గరిటెడు తోడిస్తే ఆవిడ పెరుగు లోటైపోదు, మన ఇంట గిన్నెడు పేరుకుంటుంది. రేపు ఆవిడ తోడు విరిగిపోతే మన దగ్గర తీసుకుంటుంది. ఏ ఇంటి పెరుగు ఎవరి తోడుతో మొదలైందో పైకి వెతుక్కుంటూ పోతే మన ముత్తవ్వల దాకా వెళ్ళొచ్చు.

ఈ సాఫ్ట్‌వేరు లోకంలో ఆ తోడు మర్యాదనే కాగితం మీద పెట్టారు. 1980లలో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ముందుండి రాయించిన జీపీఎల్ అనే లైసెన్సు సారాంశం వంటింటి భాషలో చెప్పుకుంటే ఇంతే: నా తోడుతో నువ్వు పెరుగు చేసుకో. నీ ఇంట్లో నువ్వు తింటే ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. నలుగురికీ పంచు, కావాలంటే అమ్ముకో. కాని నీ పెరుగు పుచ్చుకున్నవాళ్ళు తోడు అడిగితే కాదనకూడదు. తోడు తీసుకెళ్ళి ఏమైనా చేసుకోండి, మాకేం షరతుల్లేవు అనే ఇంకా ఉదారులు కూడా ఉన్నారనుకోండి. ఇంగ్లీషువాళ్ళకి డబ్బక్కర్లేనిదానికీ, స్వేచ్ఛ ఉన్నదానికీ 'ఫ్రీ' అని ఒకటే మాట. ఆ తికమక తీర్చలేక స్టాల్‌మన్ పాపం ఇప్పటిదాకా అవస్థ పడుతూనే ఉన్నాడు, నేను మాట్లాడేది ధర గురించి కాదు, స్వేచ్ఛ గురించి అని. మన భాషలో ఆ రెండూ వేరు వేరు మాటలే. మనకి కలిసిపోయినవి ధర లేకపోవటమూ, తగి ఉండటమూ.

అయితే మా మరిది మాట నెగ్గినట్టేనా? తరిగేది లేనప్పుడు ఋణం లేదా?

తరిగేది ఉంది. తోడు తరగదు గాని, తోడు పెట్టే చెయ్యి అలిసిపోతుంది.

2024 మార్చిలో జరిగిన సంగతి చెబుతాను. ఎక్స్‌జెడ్ అని, ఫైళ్ళని కుదించే చిన్న సాధనం. లైనక్స్ ఉన్న చోటల్లా అది ఉంటుంది, ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మన వంటింట్లో ఇంగువ డబ్బాలా. దాన్ని ఏళ్ళ తరబడి ఒకే ఒక్క మనిషి, జీతం భత్యం లేకుండా చూసుకుంటున్నాడు. పని ఆలస్యమవుతోందని వాడుకునేవాళ్ళ పేరుతో కొందరు ఆయన్ని నిలదీశారు. నా మానసిక ఆరోగ్యం బాగాలేదు, ఇది డబ్బు తీసుకోకుండా చేస్తున్న పని అని 2022లో ఆయన జవాబు రాసుకున్నాడు. ఆ సమయంలో సాయం చేస్తానంటూ వచ్చిన ఒకరు, నెమ్మది మీద నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక అందులో దొంగదారి ఒకటి పెట్టేశారు. బయటపడకపోతే లోకంలో ఎన్ని కంప్యూటర్లలోకి ఎవరు జొరబడేవారో! ఒక ఇంజనీరుకి, తన కంప్యూటరు లోపలికి రానివ్వటానికి అరసెకను ఎక్కువ తీసుకుంటోందేమని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. అరసెకను! మా అమ్మాయి లెక్కలో పన్నెండు ఫ్రేములు.

అందరూ ఆ దొంగ తెలివిని చెప్పుకుని ఆశ్చర్యపోయారు. నాకు ఆ దొంగ కన్న, ఒంటరిగా అలిసిపోయిన ఆ మనిషే ఎక్కువ కళ్ళ ముందు మెదిలాడు. ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, మన ఇళ్ళల్లోనే!

పొద్దున్నే లేచి కాఫీలు, టిఫిన్లు, డబ్బాలు, అత్తగారి మందులు, పిల్లల యూనిఫారాలు. ఇవన్నీ ఎవరికీ కనపడకుండా జరిగిపోతూంటాయి. ఉప్పు తక్కువైన రోజునే వంట చేసే మనిషి ఒకతి ఉందన్న సంగతి గుర్తొస్తుంది. "ఏమిటివాళ పచ్చడి లేదూ?" అన్న మాటకీ, కొత్త ప్రతి ఎప్పుడు తెస్తావని ఆయన్ని నిలదీసిన మాటకీ నాకేమీ తేడా కనపడలేదు. ఊరికే వచ్చేదాన్ని పుచ్చుకునేవాళ్ళు కొన్నాళ్ళకి దాన్ని హక్కు అనుకుంటారు. ఇంకొన్నాళ్ళకి అందులో తప్పులెంచుతారు. మనిషి స్వభావమో ఏమో.

కాని ఒక తేడా ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. ఆ సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు. చాలామంది మానేస్తారు కూడా. రాసిందంతా అక్కడే ఉంటుంది గనక ఇంకెవరో అందుకుంటారు. ఎంప్లేయర్ నుంచి ఎంపీవీ దాకా వచ్చింది అలాగే. ఇంట్లో మనిషి మానెయ్యగలదా? ఒక్క పూట మానేస్తే దానికి జ్వరమనో, పుట్టింటివాళ్ళొచ్చారనో కారణం చూపించాలి. మానెయ్యగలిగిన మనిషి ఇచ్చేది దానం. మానెయ్యటానికి వీల్లేని మనిషి ఇచ్చేదాన్ని దానమనీ, త్యాగమనీ, అన్నపూర్ణ అనీ పొగిడితే, అది ధర కట్టకుండా తప్పించుకునే మార్గం. బొమ్మలు గీసే పిల్లలకీ ఈ తద్దినం ఉంది. అనుభవం వస్తుంది గదా అని చెప్పి నెలల తరబడి జీతం లేకుండా గీయించుకునే పెద్దమనుషులున్నారు. అదీ ఉచితమే, తీసుకునేవాడికి. తగినదా అంటే ఎంతమాత్రం కాదు.

ఇచ్చేవాళ్ళ స్వేచ్ఛ సంగతి అది. మరి పుచ్చుకునేవాళ్ళ ధర్మం?

ఋణం అనగానే ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళకే తిరిగివ్వాలనుకుంటాం. బాంకు పద్ధతి అది. మన పెద్దవాళ్ళు చెప్పిన ఋణాల పద్ధతి వేరు. పితృఋణం తీరాలంటే తాతకి డబ్బు పంపక్కర్లేదు, సంతానాన్ని కని పెంచాలి. ఋషిఋణం తీరాలంటే చదువుకోవాలి, చదువు నిలబెట్టాలి. వెనకనుంచి వచ్చినదాన్ని ముందుకి పంపటమే తీర్చటం. తోడు మర్యాదా అదే, జీపీఎల్ మర్యాదా అదే.

డబ్బుతో తీర్చే సందర్భాలూ లేకపోలేదు. బ్లెండర్ అని బొమ్మల సినిమాలు చేసే సాధనం ఉంది. దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతబడితే, తయారుచేసిన టాన్ రోసెండాల్ లక్ష యూరోలు పోగైతే దాన్ని అందరికీ తెరిపిస్తానన్నాడు. వాడుకునేవాళ్ళు ఏడు వారాల్లో పోగుచేసిచ్చారు. ఆ అక్టోబరులో అది అందరిదీ అయింది. ఇరవై ఏళ్ళు గడిచాక లాట్వియాలో ఒక దర్శకుడు ఆ సాధనంతోనే ఒక పిల్లి కథ తీశాడు. ఒక్క మాట కూడా లేని ఆ 'ఫ్లో' సినిమాకి 2025లో ఆస్కారు వచ్చింది. 2002లో పది యూరోలో ఇరవై యూరోలో వేసినవాళ్ళకి ఆ పిల్లి సంగతేం తెలుసు!

మా అమ్మాయికి యూరోలు లేవు. రెండు పనులు చేసింది. ఎంఆర్‌వీ2 ఒక చోట తడబడుతూంటే, విసుక్కోకుండా, ఏ ఫైలుతో, ఏ మీట నొక్కితే, ఏమవుతోందో వివరంగా రాసి పంపింది. "పని చెయ్యటం లేదు" అని ఒక్క ముక్క రాసి పడేస్తే అవతలి మనిషి పూటంతా వెతుక్కోవాలిట. ఇది వంటకి వంక పెట్టటానికీ, ఉప్పు ఎంత తక్కువైందో చెప్పటానికీ ఉన్న తేడా. రెండోది, ఈ సాధనాలని ఎలా పెట్టుకోవాలో, ఒక్క ఫ్రేము వెనక్కి ఎలా రావాలో తెలుగులో నాలుగు పేజీలు రాసి, తన తరవాత చేరిన పిల్లలకిచ్చింది. ఇంగ్లీషు రాక భయపడే పిల్లలు వాళ్ళలో ఉన్నారు.

"ఇంతకీ బాకీ తీరిందా?" అని మా మరిదే అడిగాడు. తీరటానికి ఇది నెలవాయిదా కాదు గదా, తీరకుండా సాగటమే దీని అందం అన్నాను. బాంకు మనిషికి ఆ మాట రుచించలేదు గాని, ఆ పూట భోజనాల దగ్గర ఎవరి కంచం వాళ్ళే తీశారు.

మీకు కూడా రోజూ ఏదో ఒకటి ఊరికే అందుతూనే ఉంటుంది. అందినప్పుడు రెండు ప్రశ్నలు వేసి చూడండి. ఇచ్చినవాళ్ళు ఇవ్వకుండా ఉండగలిగేవాళ్ళేనా? పుచ్చుకున్న నేను ఇంకొకరికి ఏదైనా అందించగలనా? రెంటికీ ఔనన్న జవాబు వస్తే నిశ్చింతగా పుచ్చుకోండి, అది రెండర్థాల్లోనూ ఉచితమే. మొదటిదానికి కాదని జవాబు వచ్చిందా, అది సాఫ్ట్‌వేరైనా సాంబారైనా, దాని ధర ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారన్నమాట. ఆ ఎవరో మీరే కూడా కావచ్చు.